చీకట్లోనే కనబడే బొమ్మ మనకెందుకు?

ఇంట్లో ప్రొజెక్టర్ కొందామన్న మాట మొదట ఎవరి నోట వస్తుందో ఎప్పుడైనా గమనించారా? పొయ్యి మీద పప్పు పెట్టి, మధ్యలో పిల్లాడి హోంవర్క్ చూసి, కూర తరుగుతూ ఒక చెవి సీరియల్ వైపు పడేసే మనిషి నోట మాత్రం రాదు. కాళ్లు చాపుకుని రెండున్నర గంటలు కదలకుండా కూర్చోగలిగిన వాళ్ల నోటే వస్తుంది. టీవీయా, ప్రొజెక్టరా అన్న చర్చలో సగం అక్కడే తేలిపోతుందని నా వాదన.

మా ఇంట్లో రెండు నెలలుగా ఇదే ముచ్చట. పాత టీవీ తెర మీద నిలువు గీతలు పడ్డాయి, మార్చక తప్పదు. "వదినా, గోడంత బొమ్మ! సినిమా హాలే ఇంట్లకొస్తది" అని మా మరిది. మావారి మనసూ అటే. పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు. ఓట్లు వేస్తే ఓడిపోయేది నేనూ, మా అత్తమ్మానూ. అందుకే ఓట్లు వద్దు, లెక్కలు చూద్దామన్నాను.

మొదటి లెక్క గోడది. వారాసిగూడ ఇళ్లు తెలిసినవాళ్లకు వేరే చెప్పాలా? సీతాఫల్‌మండి నుంచి పార్సీగుట్ట దాకా సందులు, సందుల్లో ఒకదాని మీద ఒకటి పోర్షన్లు. మా హాలు పది అడుగులకు పన్నెండు. పగలు అదే పిల్లల చదువుగది, రాత్రి అత్తమ్మ పడకగది, చుట్టాలొస్తే భోజనాల గది. 100 అంగుళాల బొమ్మంటే ఏడుంపావు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల పైన ఎత్తు. మాకున్న నాలుగు గోడల్లో ఒకదానికి వీధి తలుపు, ఒకదానికి కిటికీ, ఒకదానికి వంటింటి గుమ్మం, మిగిలినదానికి బీరువా. బీరువాను ఎక్కడ పెట్టాలో మా మరిది ఇంతవరకు చెప్పలేదు.

అంత బొమ్మ పడాలంటే మామూలు ప్రొజెక్టర్‌ను గోడకు ఎనిమిది నుంచి పది అడుగుల దూరంలో పెట్టాలి. అంటే హాలు మొత్తం దాని దారే. దగ్గర నుంచే వేసే రకాలున్నాయి గానీ వాటి ధర వేరు. నేను వంటింట్లోంచి మంచినీళ్లు తెస్తే నా తల నీడ హీరో మొహం మీద పడుతుంది. "అబ్బా, అడ్డం రాకు" అని నా ఇంట్లో నాకే వినబడుతుంది.

రెండో లెక్క వెలుగుది. అసలు గొడవ ఇక్కడే. టీవీ తనంతట తాను వెలుగుతుంది. ప్రొజెక్టర్ గోడ మీద వెలుగు వేస్తుంది. నల్లటి వెలుగంటూ ఏదీ లేదు కాబట్టి, బొమ్మలో నలుపు ఉండాల్సిన చోట అది ఏమీ వేయకుండా వదిలేస్తుంది. గదిలో ట్యూబ్‌లైటు వెలుగుతుంటే ఆ వదిలేసిన చోట గోడ రంగే కనబడుతుంది. బొమ్మంతా పది ఉతుకులకు వెలిసిపోయిన చీరలా ఉంటుంది. ఎక్కువ ల్యూమెన్లున్న ఖరీదైన రకం కొంటే కొంత నయం. మనం కొనగలిగే ధరలో దొరికేవాటికి మాత్రం లైటు ఆర్పాల్సిందే, పగలైతే మందపాటి కర్టెన్లు వేయాల్సిందే.

ఆ చీకట్లో చిక్కుడుకాయల ఈనెలు ఎలా తీయాలి? బియ్యంలో రాళ్లెలా ఏరాలి? ఉతికిన బట్టల్లో పెద్దాడి సాక్సు ఏదో, చిన్నాడిది ఏదో ఎలా పోల్చుకోవాలి? మనం టీవీ చూసే తీరే వేరు. చేతులు పనిలో ఉంటాయి, చెవులు డైలాగుల మీద ఉంటాయి, కళ్లు అవసరమైనప్పుడు తెర మీదికి వెళ్లొస్తాయి. ఇది నా ఒక్కదాని కథ కాదు. 2024లో కేంద్ర గణాంక శాఖ జరిపిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు ఆ పనిలో ఉంటే, మగవాళ్లు 88 నిమిషాలు ఉన్నారు. ఒకరిది దాదాపు అయిదు గంటలు, ఇంకొకరిది గంటన్నర. ఇంట్లో ఎవరికి చీకటి పనికొస్తుందో, ఎవరికి దీపం కావాలో ఆ రెండు అంకెలే చెబుతున్నాయి.

మా అత్తమ్మ సర్వేలేవీ చదవలేదు. "దీపాలు పెట్టే యాళ్లకు ఇల్లు చీకటి చేస్తరా?" అని ఒక్క మాట అడిగింది. చాదస్తమని మావారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రెండు కళ్లకూ ఆపరేషన్ అయిన మనిషి, చీకట్లో వైర్లు దాటుకుంటూ బాత్రూముకు వెళ్లాలి. కాలు జారితే ఆస్పత్రిలో పక్కన కూర్చునేది ఎవరో కూడా మనకు తెలుసు.

అసలు టీవీ మన ఇళ్లలోకి వచ్చిన తీరు గుర్తు చేసుకోండి. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. 1967లో పుట్టిన మన ఈసీఐఎల్ 'ఈసీ' టీవీలు తయారుచేసింది. 1987 జనవరి నుంచి 1988 జూలై దాకా ఆదివారం పొద్దున రామాయణం వస్తుంటే, టీవీ ఉన్న ఇంటికి చుట్టుపక్కల ఆడవాళ్లంతా చేరేవాళ్లని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. వట్టి చేతులతో వచ్చేవాళ్లు కాదట. ఒకరి ఒళ్లో బియ్యం చేట, ఒకరి ఒళ్లో చంటిపిల్ల. శుక్రవారం చిత్రలహరి పాటలు వింటూ పూలు కట్టుకునేవాళ్లట. కిటికీలు మూయమనీ, పని పక్కన పెట్టమనీ ఆ పెట్టె అడగలేదు. అందుకే అది ఆడవాళ్లకు అంత తొందరగా దగ్గరైంది.

"ఎప్పుడూ పనేనా? రెండు గంటలు పని మానేసి మాతో కూర్చోవచ్చుగా" అంటారు మావారు. మాట బాగుంది. నాకూ కూర్చోవాలనే ఉంది. మరి ఎనిమిదిన్నరకు అన్నాలయ్యి, తొమ్మిదికల్లా గిన్నెలు తోమి, పొద్దుటి టిఫినుకు పప్పు నానబోసి పెట్టేది ఎవరు? ఆ పని నలుగురూ పంచుకున్న రోజున నేనే లేచి లైటు ఆర్పుతాను. అది జరగనంత వరకు ప్రొజెక్టర్ అంటే వాళ్లు ముగ్గురూ సినిమా చూడటం, నేను వంటింట్లోంచి సౌండు వినడం.

కళ్లకు మంచిదన్న వాదన ఒకటి తెస్తారు. గోడ మీద పడి తిరిగొచ్చే వెలుగు మెత్తగా ఉంటుందట. ఉండొచ్చు. పిల్లల కళ్లకు మనం చూసుకోవాల్సింది ఎంత సేపు చూస్తున్నారు, ఎంత దగ్గర నుంచి చూస్తున్నారు, బయట వెలుతుర్లో ఎంత సేపు ఆడుతున్నారు అన్నది. పక్కనే అంత పెద్ద ఉస్మానియా క్యాంపస్ ఉంది. సాయంత్రం ఒక గంట ఆర్ట్స్ కాలేజీ దాకా నడిపించి తీసుకొస్తే కళ్లకూ కాళ్లకూ మంచిది. పైసా ఖర్చు లేదు.

ఖర్చంటే గుర్తొచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీదా, ప్రొజెక్టర్ల మీదా జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కాబట్టి పన్ను ఎటూ మొగ్గదు. అయితే చవక ప్రొజెక్టర్ ధర పక్కన తెర, కర్టెన్లు, విడిగా స్పీకరు కూడా రాసి కూడండి. డబ్బా మీద "4కే సపోర్ట్" అని ఉంటే సంతోషించకండి. 4కే వీడియోను తీసుకుంటుందని మాత్రమే దానర్థం, వేసే బొమ్మ అంతకంటే చాలా తక్కువది కావచ్చు. అసలు రెజల్యూషన్ ఎంతో, ల్యూమెన్లు ఏఎన్ఎస్ఐ లెక్కలో ఎన్నో అడగండి. పాతరకం ల్యాంపుదైతే ల్యాంపు ఆయుష్షూ అడగండి. 4,000 గంటలన్నారనుకోండి, రోజుకు నాలుగు గంటల చొప్పున మూడేళ్లు నిండకుండానే మార్చాలి. ఎల్ఈడీ, లేజర్ రకాలకు ఈ బాధ తక్కువ. చాలావాటిలో టీవీ ట్యూనర్ ఉండదు కాబట్టి డిష్ పెట్టె నుంచి వైరు హాలు మధ్యలోకి లాక్కురావాలి. అది ఎవరి కాళ్లకు తగులుతుందో పైన చెప్పాను.

ప్రొజెక్టర్ మీద నాకేం పగ లేదు. వినాయక మండపం దగ్గరో, ఫైనల్ మ్యాచ్ నాడు మేడ మీదో పది ఇళ్ల వాళ్లం తలా కొంత వేసుకుని అద్దెకు తెచ్చుకుంటే అంత సరదా ఇంకొకటి లేదు. అక్కడికి అందరూ చూడటానికే వస్తారు. సినిమా హాలు చీకటి కూడా నాకు ప్రాణం. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో టికెట్టు కొనుక్కుని కూర్చున్నాక మధ్యలో టీ పెట్టమని నన్నెవరూ లేపరు. ఇంట్లోకి సినిమా హాలు తెస్తామనేవాళ్లు ఆ ఒక్క సౌకర్యం తేవడం మరిచిపోతున్నారు.

కాబట్టి మా ఇంటికి నా మాట ఇది: 50 అంగుళాల టీవీ, బీరువా పక్కన గోడకు. బిగించేముందు నేను పొయ్యి దగ్గర నిలబడతాను, అత్తమ్మ తన మంచం మీద కూర్చుంటుంది. ఇద్దరికీ బొమ్మ కనబడ్డ చోటే మేకు కొట్టాలి. మీరూ కొనేముందు అదే చేయండి. ఎవరినైనా అడిగి ఒక ప్రొజెక్టర్ తెచ్చి, రాత్రి ఎనిమిదింటికి, ఇంట్లో లైట్లన్నీ వేసి, మీ పని మీరు చేసుకుంటూ నాలుగు రోజులు చూడండి. అప్పటికీ నచ్చితే నిక్షేపంగా కొనుక్కోండి. షాపువాడు చీకటి గదిలో చూపించిన బొమ్మను చూసి మాత్రం సరేననకండి. ఆ గదిలో వంటిల్లు లేదు.