ఆగే ఆటే అమ్మానాన్నల ఆట

మా బాబుకు ఆరు నెలలు. పాప మన స్కూల్లోనే ఒకటో తరగతి చదువుతోంది. ఈ మధ్య ఒకరోజు పాప జామెట్రీ బాక్సును ఫోన్‌లా మొహం ముందు పట్టుకుని బొమ్మతో ఆడుకుంటోంది. "ఒక్క నిమిషం ఆగు, మ్యాచ్ అయిపోనీ" అని ఆ బొమ్మను కసురుతోంది. ఆ మాట నాదే.

అప్పట్లో నా ఫోన్‌లో ఒక షూటింగ్ గేమ్ ఉండేది. మధ్యలో లేస్తే టీమ్ ఓడిపోతుంది. అందుకే బాబు ఏడ్చినా, పాప హోంవర్క్ తెచ్చినా "ఒక్క నిమిషం" అనేవాణ్ణి. ఆ నిమిషం పది నిమిషాలయ్యేది. బొమ్మ సంగతి చూశాక ఆ గేమ్‌ను అదే రోజు తీసేశాను.

అయితే ఆటలు పూర్తిగా మానలేదు. ఇంజినీరింగ్ హాస్టల్లో ఆడిన 'సివిలైజేషన్' గుర్తొచ్చింది. సిడ్ మయర్ పేరుతో 1991లో వచ్చిన ఈ ఆటలో ఊళ్లు కట్టాలి, పొలాలు వేయాలి, సైన్యాన్ని నడపాలి. అన్నీ వంతులవారీగానే. మన ఎత్తు మనం వేసేదాకా ఎదుటివాడు కదలడు. బాబుకు పాలు పట్టి, డైపర్ మార్చి, జోకొట్టి వచ్చినా ఆట వదిలిన చోటే ఉంటుంది. ఆగే ఆట అంటే ఇదే.

దీంట్లోనూ చిక్కుంది. "ఇంకొక్క టర్న్" అనుకుంటూ తెల్లవార్లూ కూర్చోవడం ఈ ఆటగాళ్లందరికీ తెలిసిన జబ్బే. నాకూ ఒక రాత్రి ఒంటిగంటన్నర అయింది. అప్పటినుంచి ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకుంటున్నాను.

అసలు ప్రశ్న మా ఆవిడ అడిగింది: "నీకు ఇరవై నిమిషాలు సరే, నావి ఏవి?" నా దగ్గర జవాబు లేదు. నేను ఆడుతున్నంతసేపూ బాబు ఆమె ఒళ్లోనే ఉన్నాడు మరి. ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక మొదటి ఇరవై నిమిషాలు ఆమెవి, బాబు నా దగ్గర. తర్వాతి ఇరవై నావి.

బిడ్డ పుట్టగానే ఆలోచించే ఆటలకు సెలవు చెప్పనక్కర్లేదని మన తెలుగు ఆడపడుచులే చూపించారు. కోనేరు హంపి 2017లో తల్లయ్యారు. కొంతకాలం ఆటకు దూరంగా ఉండి తిరిగొచ్చి, 2019 డిసెంబర్‌లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ చెస్ టైటిల్ గెలిచారు. 2024లో న్యూయార్క్‌లో మళ్లీ గెలిచారు. ద్రోణవల్లి హారిక 2022 చెన్నై ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా ఆడి జట్టుతో కాంస్యం అందుకున్నారు. వాళ్ల స్థాయి వేరు. కానీ ఆ అవకాశం ప్రతి ఇంట్లో తల్లికి ఇరవై నిమిషాలైనా దొరకాలి కదా!

మా ఆవిడ తన ఇరవై నిమిషాల్లో ఫోన్ ముట్టదు. గద్వాలలో వాళ్ల అవ్వ నేర్పిన పులి-మేక ఆటను బండల మీద చాక్‌పీస్‌తో గీసి పాపతో ఆడుతుంది. మూడు పులులకు రాళ్లు, పదిహేను మేకలకు చింతగింజలు. పులి మేక మీదుగా దూకితే మేక పోయినట్టే. మేకలన్నీ కలిసి పులులను కదలకుండా కట్టేస్తే మేకలదే గెలుపు. మొదట్లో పాప తొందరపడి మేకలన్నీ పోగొట్టుకునేది. ఇప్పుడు వేలు గడి మీద పెట్టి, ఆలోచించి, వెనక్కి తీసుకుంటోంది. నా వీడియో గేమ్ కంటే ఇదే మేలని ఒప్పుకుంటున్నాను.

తోటి తల్లిదండ్రులకు నా మనవి ఇది. ఆడండి, తప్పులేదు. పిల్లలు పిలిస్తే ఆపగలిగే ఆట ఎంచుకోండి. ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్ అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది కాబట్టి, చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని మాత్రం ఫోన్ తీయకండి. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లను పులి-మేక గీయమని అడిగి చూడండి.