టవల్ తల మీద, ఫోన్ లాకర్లో

జపాన్ వెళ్ళొచ్చానని తెలిసిన వాళ్ళు నన్ను రెండే ప్రశ్నలు అడిగారు. ఒకటి: "ఒక్కదానివే తిరిగావా?" రెండోది కాస్త గొంతు తగ్గించి: "అక్కడ అందరూ బట్టల్లేకుండా కలిసి స్నానం చేస్తారట కదా, నువ్వు కూడానా?" రెండింటికీ అవుననే చెప్పాను. అడిగినవాళ్ళు ఇవి రెండూ వేరువేరు విషయాలనుకున్నారు. నాకు మాత్రం రెండూ ఒకటే. ఒక్కదాన్నే కాబట్టే ఆ నీళ్ళలో దిగగలిగాను. మా హాస్టల్ బ్యాచ్ నాతో వచ్చి ఉంటే, గదిలో షవర్ కింద నిలబడి వచ్చేసేదాన్ని.

సోలో ట్రిప్ రీల్స్ మీరూ చూసే ఉంటారు. కొండ అంచున ఒక అమ్మాయి వీపు, వెనక ఒక పాట, కింద "నన్ను నేను వెతుక్కుంటూ" అని క్యాప్షన్. ఎవరి రూల్సూ లేకుండా బతకడమే స్వేచ్ఛ అన్నట్టు ఉంటాయి అవన్నీ. కానీ నాకు ఈ ప్రపంచంలో అన్నిటికంటే హాయిగా అనిపించిన చోటు రూల్స్‌తో నిండిపోయిన చోటు. అక్కడ కెమెరాకి అనుమతి లేదు కాబట్టి దాని మీద నా దగ్గర రీల్ కూడా లేదు. అందుకే ఈ వ్యాసం.

మా అక్క ఫుకుఓకాలో ఉద్యోగం చేస్తోంది. సెలవులకి వెళ్ళాను. అక్కకి లీవు దొరకలేదు. మూడు రోజులు నేనొక్కదాన్నే బెప్పు వెళ్ళాను, ఎక్స్‌ప్రెస్ రైల్లో రెండు గంటల ప్రయాణం. బెప్పులో 2,000కి పైగా వేడినీటి ఊటలున్నాయి. రోడ్డు పక్క కాలవల్లోంచి కూడా ఆవిరి లేస్తుంటుంది. కన్నవా అనే పేటలో ఆ ఆవిరి మీదే గుడ్లు, మొక్కజొన్న, చిలగడదుంపలు ఉడికిస్తారు. ఊరు మొత్తం ఒక పెద్ద ఇడ్లీ పాత్రలా ఉంటుందంటే అతిశయోక్తి కాదు. స్టేషన్ ముందు రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ ఒక ముసలాయన విగ్రహం ఉంది. ఆయన అబురాయా కుమహాచి, ఈ ఊరిని దేశమంతా తెలిసేలా చేసిన మనిషి. కొత్త ఊరికి ఒంటరిగా వెళ్ళినప్పుడు ఎవరో ఒకరు చేతులెత్తి రమ్మంటుంటే బాగుంటుంది, విగ్రహమైనా సరే.

జపాన్‌లో ఏ నీళ్ళని ఆన్సెన్ అనొచ్చో చెప్పడానికి 1948లో చేసిన చట్టం ఒకటుంది. భూమిలోంచి వచ్చేటప్పుడు నీళ్ళు కనీసం 25 డిగ్రీలుండాలి, లేదా చట్టంలో రాసిన 19 పదార్థాల్లో ఏదో ఒకటి చెప్పిన మోతాదులో ఉండాలి. మధ్యలో ఉన్నది "ఆర్" అని సీఎస్ఈ వాళ్ళు గమనించాలి, "అండ్" కాదు. అంటే చల్లటి నీళ్ళు కూడా చట్టప్రకారం ఆన్సెన్ కావొచ్చు.

ఇక రూల్స్. చెప్పులు బయట. బట్టలు బుట్టలో, ఫోన్ లాకర్లో. లోపలికి వెళ్ళగానే చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా తోముకోవాలి. చెంబుతో పోసుకుని పెరిగిన మనకి ఇదేమీ కొత్త కాదు. ఒంటి మీద సబ్బు నురగ ఒక్క చుక్క లేకుండా కడుక్కున్నాకే తొట్టిలోకి. జుట్టు ముడేసుకోవాలి. చేతిలో ఉండే చిన్న టవల్ నీళ్ళకి తగలకూడదు, అందుకే మడతపెట్టి తల మీద పెట్టుకుంటారు. అరవకూడదు. ఈదకూడదు.

ఈదకూడదన్న దానికి ఒక సాహిత్య చరిత్రే ఉంది. నత్సుమె సోసెకి 1906లో రాసిన "బొచ్చాన్" నవలలో హీరో టోక్యో నుంచి చిన్న ఊరికి వచ్చిన కుర్ర లెక్కల మాస్టారు. ఎవరూ లేరు కదా అని స్నానశాల తొట్టిలో హాయిగా ఈత కొడతాడు. కొన్నాళ్ళకి వెళ్ళి చూస్తే గోడ మీద ఈదరాదని బోర్డు! పిల్లలు దాన్ని పట్టుకుని క్లాసులో ఏడిపిస్తారు. సోసెకి స్వయంగా 1895లో మత్సుయామాలో మాస్టారుగా పనిచేశాడు. ఆ పక్కనే ఉన్న దోగో ఆన్సెన్ ప్రధాన భవనం 1894 నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. నవలలోని ఆ బోర్డుని అక్కడ నిజంగానే పెట్టారు. కథలో వేళాకోళంగా వచ్చిన రూల్ గోడెక్కడం నాకు భలే నచ్చింది.

ఈ రూల్స్ అన్నీ విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇంటర్ కాలేజీ. అక్కడా జుట్టు ముడేసుకోవాలి, ఫోన్ ఇచ్చేయాలి, నోరెత్తకూడదు. కానీ తేడా లోపలికి వెళ్ళాక తెలిసింది. కాలేజీలో రూల్ నా మీద నిఘా వేయడానికి. ఇక్కడ రూల్ నన్ను నిఘా నుంచి తప్పించడానికి. అందరూ కడుక్కుని వచ్చారు కాబట్టి నీళ్ళ గురించి అనుమానం అక్కర్లేదు. ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు కాబట్టి నేను ఎవరి ఫోటోలోనూ పడను. మన దగ్గర అమ్మాయి అన్నాక బట్టల దుకాణం ట్రయల్ రూమ్‌లో కూడా ముందు మూలలన్నీ వెతుకుతుంది కదా. ఆ వెతికే అలవాటు మెదడులో ఒక మూల ఎప్పుడూ రన్ అవుతూనే ఉంటుంది. అది ఆగిపోయిన చోటు నాకు తెలిసి ఇదొక్కటే. వేడినీళ్ళకి రక్తనాళాలు వెడల్పవుతాయి, నీళ్ళలో ఒళ్ళు తేలికవుతుంది, బయటికొచ్చాక ఒంటి వేడి తగ్గుతూ నిద్ర ముంచుకొస్తుంది, సైన్సు ఇంతవరకే చెబుతుంది. మిగతాది రూల్స్ చేసిన పని.

నేను వెళ్ళింది పెద్ద రిసార్ట్ కాదు, వీధి చివర ఉన్న చిన్న స్నానశాల. టికెట్ మన లెక్కలో రెండొందల రూపాయల లోపే. ఆడవాళ్ళ వైపు నలుగురున్నారు. అందరికంటే పెద్దావిడకి ఎనభై ఉంటాయేమో, నడుము వంగిపోయింది. ఇంకొకావిడకి ఒక రొమ్ము లేదు, ఆ చోట అడ్డంగా ఆపరేషన్ గీత. ఆవిడ వచ్చింది, పీట మీద కూర్చుని తోముకుంది, తొట్టిలో దిగి "వేడిగా ఉంది" లాంటిదేదో అంది, మిగతావాళ్ళు నవ్వి కాస్త జరిగారు. అంతే.

పందొమ్మిదేళ్ళొచ్చాయి. ఇప్పటిదాకా నేను చూసిన ఆడవాళ్ళ శరీరాలన్నీ స్క్రీన్ మీదవే. ఫిల్టర్ వేసినవి, పాతికేళ్ళు దాటనివి. ముడతలు పడ్డ పొట్ట, కాన్పుల చారలు, కుట్ల గుర్తులు, జారిన భుజాలు ఎలా ఉంటాయో అమ్మని కూడా నేను చూడలేదు, అమ్మ చూడనివ్వలేదు. చూడకపోతే ఏమవుతుందంటే, మన ఒంట్లో ఉన్న ప్రతి గీతా ఒక బగ్ అనిపిస్తుంది. ఆ పావుగంటలో నాకు ఏ జ్ఞానోదయమూ కాలేదు గానీ, పొట్ట లోపలికి లాగి పట్టుకోవడం మర్చిపోయాను. అది నాకు తక్కువ విషయం కాదు.

ఒంటరితనం ఇక్కడే పనికొచ్చింది. తెలియని నలుగురి ముందు సిగ్గు పది నిమిషాల్లో పోతుంది, ఎందుకంటే వాళ్ళు రేపు మెస్‌లో కనబడరు. తెలిసిన నలుగురి ముందు నాలుగేళ్ళయినా పోదు.

"వాళ్ళ సంస్కృతి వేరు, మన సంస్కృతి వేరు" అనేవాళ్ళకి ఒక మాట. సిగ్గు కూడా దేశాలు తిరుగుతుంది. 1853-54లో పెర్రీ నాయకత్వంలో అమెరికా ఓడలు వచ్చినప్పుడు, షిమోదాలో ఆడా మగా కలిసే స్నానం చేయడం చూసి ఆ అమెరికన్లు నోరెళ్ళబెట్టారు. తర్వాత మెయిజీ ప్రభుత్వం పడమటి దేశాల ముందు చిన్నబోకూడదని కలిసి స్నానాల మీద నిషేధాలు పెట్టింది. ఇవాళ మనం జపాన్ పద్ధతి అనుకునే వేరు వేరు తలుపులు చాలావరకు బయటివాళ్ళ చూపుకి భయపడి వచ్చినవే.

ఇంతవరకు రూల్స్‌ని మెచ్చుకున్నాను. ఇప్పుడు అదే నోటితో తిట్టాలి.

చాలా స్నానశాలల గుమ్మం దగ్గర ఇంకో బోర్డు ఉంటుంది: టాటూ ఉన్నవాళ్ళకి ప్రవేశం లేదు. 2015లో జపాన్ పర్యాటక సంస్థ సర్వే చేస్తే, జవాబిచ్చిన వాటిలో సగానికి పైగా టాటూ ఉన్నవాళ్ళని రానివ్వమన్నాయి. కారణం యాకూజా ముఠాలు. దానికంటే పాత కారణాలూ ఉన్నాయి: ఎదో కాలంలో నేరస్థులకి శిక్షగా పచ్చ పొడిచేవారు, 1872లో పచ్చపొడవడాన్నే నిషేధించారు, ఆ నిషేధం 1948 దాకా పోలేదు. హొక్కైదోలోని ఐను తెగ ఆడవాళ్ళు పెదాల చుట్టూ పచ్చబొట్లు పొడిపించుకునేవారు. అది వాళ్ళకి పెళ్ళీడుకి, గౌరవానికి గుర్తు. దాన్ని కూడా 1871లో ప్రభుత్వం వద్దంది. 2013లో అదే హొక్కైదోకి ఒక సదస్సు కోసం న్యూజిలాండ్ నుంచి మావోరి మహిళ ఒకరు వచ్చారు. గడ్డం మీద తన జాతి సంప్రదాయపు పచ్చబొట్టు ఉందని ఆమెని స్నానశాలలోకి రానివ్వలేదు.

ఇది చదివినప్పుడు నాకు మా నానమ్మ గుర్తొచ్చింది. ఆమె కుడి చేతి మీద తేలు బొమ్మ, మోచేతి కింద తాతయ్య పేరు, గడ్డం మీద మూడు చుక్కలు. పచ్చబొట్టు ఒక్కటే చచ్చాక కూడా వెంట వస్తుందని అంటుంది. ఆ బోర్డు లెక్కలో మా నానమ్మ కూడా రౌడీనే. రెండు అంగుళాల స్టిక్కర్ అంటించుకుంటే రానిచ్చే చోట్లున్నాయి నిజమే, కానీ తాతయ్య పేరు మీద స్టిక్కర్ వేయమని నేనైతే అడగలేను.

ఒతారు ఊరి కేసు ఇంకా ఘోరం. రష్యన్ నావికులు తాగొచ్చి గొడవ చేస్తున్నారని అక్కడి ఒక స్నానశాల ఏకంగా విదేశీయులందరినీ ఆపేసింది. అమెరికాలో పుట్టిన అరుడో దెబితో జపాన్ పౌరసత్వం తీసుకుని వెళ్ళినా రానివ్వలేదు, చూడ్డానికి జపనీయుడిలా లేడని. 2002లో సప్పొరో కోర్టు ఇది జాతి వివక్షేనని చెప్పి, కేసు వేసిన ముగ్గురికీ తలా పది లక్షల యెన్లు ఇమ్మంది. బోర్డులు పెట్టకుండా చూడాల్సిన నగరపాలక సంస్థ మీద మాత్రం ఏ బాధ్యతా పడలేదు.

నీళ్ళలో ఎవరు దిగాలి అన్న ప్రశ్న మనకి తెలియనిదా? 1927లో మహద్‌లో అంబేడ్కర్ చెరువు నీళ్ళు తాగడమే ఒక ఉద్యమం అయింది. 1985లో కారంచేడు గొడవ మొదలైంది దళితవాడ మంచినీళ్ళ చెరువు దగ్గరే. కాబట్టి "వాళ్ళ ఊరు, వాళ్ళ ఇష్టం" అని నేను అనలేను. సబ్బుతో కడుక్కుని రా అనేది నువ్వేం చేయాలో చెప్పే రూల్. ఎవరైనా పాటించొచ్చు, పాటించగానే లోపలివాడైపోతాడు. నీ చర్మం ఇలా ఉంది కాబట్టి రావద్దు అనేది నువ్వెవరో చెప్పే రూల్. దాన్ని ఎంత తోముకున్నా పాటించలేం. రెండూ ఒకే గోడ మీద, ఒకే రకం అక్షరాల్లో రాసి ఉంటాయి, అదే చిక్కు.

మార్చడం కష్టమేమీ కాదు. 2019 రగ్బీ ప్రపంచ కప్ మ్యాచ్‌లు ఓయిటాలో జరిగినప్పుడు, టాటూ ఉన్నా వెళ్ళదగ్గ స్నానశాలల జాబితా బెప్పులో తయారైంది. ఆటగాళ్ళ కోసం చేయగలిగింది మా నానమ్మ కోసం చేయలేరా?

వెళ్ళాలనుకునే వాళ్ళకి: టాటూ ఉంటే ముందే మెయిల్ పెట్టి అడగండి, లేదా గంట లెక్కన అద్దెకిచ్చే విడి తొట్లు చూసుకోండి. ఖాళీ కడుపుతో దిగొద్దు, పావుగంట దాటితే తల తిరుగుతుంది. బయటికొచ్చి చల్లటి పాలు తాగండి, సీసాలో అమ్ముతారు. మా హాస్టల్ బ్యాచ్ ఇప్పటికే గ్రూప్ ట్రిప్ అంటూ ఎక్సెల్ షీట్ తెరిచింది. ఎయిర్‌పోర్ట్ దాకా, తిండి దాకా అందరం కలిసే వెళ్దాం. స్నానానికి మాత్రం తలా ఒక వేళకి, తలా ఒక వీధికి వెళ్దాం.