వెళ్లగొట్టి, దారి కూడా మూస్తారా?

అమెరికాలో ప్రతి సెమిస్టరు ముగిశాక ఎందరో విద్యార్థులకు ఒక మెయిల్ అందుతుంది. సగటు గ్రేడు 2.0 కన్నా దిగువనే ఉంది, ప్రొబేషన్‌లో పెట్టినా మెరుగుపడలేదు, కనుక విశ్వవిద్యాలయం నుంచి తొలగిస్తున్నాం అని దాని సారాంశం. దీన్నే అకడమిక్ డిస్మిసల్ అంటారు. చదువు సాగని విద్యార్థిని పంపేసే హక్కు విశ్వవిద్యాలయానికి ఉంది. అందులో వివాదం లేదు. కానీ ఒక సంస్థ తన ప్రాంగణం వరకు తీసుకున్న నిర్ణయం, ఆ విద్యార్థి ఇంకో నాలుగేళ్ల విశ్వవిద్యాలయం తలుపు తట్టిన ప్రతిసారీ అతని మీద మళ్లీ మళ్లీ అమలవుతోంది. తప్పు ఒకసారి, శిక్ష పదిసార్లు. దీన్ని ప్రమాణాల పరిరక్షణ అని సమర్థించుకోవడం దారుణం.

ముందు డబ్బు సంగతి చూడాలి. తొలగింపు దాకా వెళ్లే పిల్లలు కొందరు అంతకుముందే సెమిస్టరు మధ్యలో తరగతులు మానేసి ఉంటారు. జబ్బు చేసి ఉండవచ్చు, ఇంట్లో ఎవరో పోయి ఉండవచ్చు, రాత్రి షిఫ్టు చేసి పొద్దున క్లాసుకు లేవలేకపోయి ఉండవచ్చు, ఎవరికీ చెప్పుకోలేని కుంగుబాటు కావచ్చు. ఫెడరల్ నిబంధన ప్రకారం సెమిస్టరులో 60 శాతం గడవకముందే మానేస్తే, మిగిలిన రోజులకు లెక్కగట్టి ప్రభుత్వ సాయాన్ని వెనక్కి ఇవ్వాలి. కాలేజీ తన వాటా డబ్బును వాషింగ్టన్‌కు తిప్పి పంపి, ఆ మొత్తాన్ని విద్యార్థి పేరున బాకీగా రాసుకుంటుంది. ఆ బాకీ తీరేదాకా ట్రాన్‌స్క్రిప్ట్, అంటే అధికారిక మార్కుల పత్రం, ఇవ్వని కాలేజీలు ఎన్నో. అది లేనిదే మరో విశ్వవిద్యాలయం దరఖాస్తు వైపు కూడా చూడదు. డిగ్రీ లేక సరైన జీతం రాదు, జీతం లేక బాకీ తీరదు. ఇలా కాలేజీల బీరువాల్లో చదువు చిక్కుకుపోయినవాళ్లు 66 లక్షల మంది ఉంటారని, వారి బాకీలు దాదాపు 1,500 కోట్ల డాలర్లని ఇథాకా ఎస్ ప్లస్ ఆర్ అనే పరిశోధన సంస్థ 2020లో అంచనా కట్టింది. అదే ఏడాది నుంచి కాలిఫోర్నియా ఈ పద్ధతిని చట్టంతో నిషేధించింది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన ఫెడరల్ నిబంధన మాత్రం సగంలోనే ఆగింది. ప్రభుత్వ సాయంతో చదివి, ఫీజు పూర్తిగా చెల్లించిన సెమిస్టర్ల వివరాలు ఇచ్చి తీరాలంటుంది. బాకీ పడ్డ సెమిస్టరు సంగతి పట్టించుకోదు. కుర్రవాడు ఇరుక్కున్నదే అక్కడ!

బాకీ తీర్చి ట్రాన్‌స్క్రిప్ట్ చేతికి తెచ్చుకున్నా, గ్రేడ్ల లెక్క అడ్డు నిలుస్తుంది. 30 యూనిట్లు (క్రెడిట్లు) 1.2 సగటుతో చదివి తొలగింపునకు గురైన విద్యార్థిని తీసుకోండి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు బదిలీ కోరే రాష్ట్రవాసికి కనీసం 2.4 సగటు ఉండాలి. పాత కోర్సులను అలాగే వదిలేసి కమ్యూనిటీ కాలేజీలో ప్రతి సబ్జెక్టులోనూ బి తెచ్చుకుంటూ పోతే, ఆ గీత చేరడానికి అతనికి ఇంకో 60 యూనిట్లు, అంటే నిండా రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లలో అతను చదవగలనని నిరూపించుకున్నాడు. అయినా కాగితం మీద ఇంకా గీత అంచునే నిలబడి ఉంటాడు. ఈలోగా పేద విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు కరిగిపోతుంది. ఆ గ్రాంటు జీవితకాలంలో 12 సెమిస్టర్లకు మించి రాదు, ఫెయిలైన సెమిస్టర్లూ అందులోనే లెక్క. కలిగిన ఇంటి బిడ్డకు ఇది రెండేళ్ల ఆలస్యం మాత్రమే. పేదింటి బిడ్డకు చదువు అక్కడితో సరి.

టెక్సాస్‌లో అకడమిక్ ఫ్రెష్ స్టార్ట్ అనే చట్టం ఉంది. పాత గ్రేడ్లను పక్కన పెట్టి ప్రవేశానికి పరిశీలించమని కోరే హక్కును అది అక్కడి నివాసులకు ఇచ్చింది. మంచి ఆలోచనే. కానీ ఆ కోర్సులు చదివి పదేళ్లు దాటాలి. ఆ హక్కు వాడుకుంటే అప్పట్లో పాసైన కోర్సులనూ వదులుకోవాలి. పద్దెనిమిదేళ్లకు తడబడిన పిల్లవాడు ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఆగాలా? ఏ లెక్కన అది పదేళ్లయిందో శాసనకర్తలు చెప్పాలి.

దారులు ఇలా మూసుకుపోతే పిల్లలు దొడ్డిదారి వెతుక్కుంటారు. పాత కాలేజీ పేరు రాయకుండా కొత్తగా దరఖాస్తు పెట్టెయ్యమని సలహా ఇచ్చే సీనియర్లు మన తెలుగు విద్యార్థుల్లోనూ ఉన్నారు. అది విని మునిగిపోవద్దు. చదివిన ప్రతి కాలేజీ వివరం ఇవ్వాలన్నది విశ్వవిద్యాలయాల సాధారణ నిబంధన. నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ దగ్గర దేశంలోని అత్యధిక విద్యార్థుల నమోదు చరిత్ర ఉంటుంది. దాచింది బయటపడితే ప్రవేశం పోతుంది, ఒక్కోసారి వచ్చిన డిగ్రీ కూడా పోతుంది.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లిన మన పిల్లల గతి మరీ ఘోరం. చదువు పూర్తి చేసినవారికి దేశం విడవడానికి 60 రోజులు, అనుమతితో మానుకున్నవారికి 15 రోజులు గడువు ఉంది. తొలగింపు వల్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డు రద్దయినవారికి ఒక్క రోజు కూడా లేదు. వీసా స్థితి పునరుద్ధరణకు దరఖాస్తు చేయాలంటే సాధారణంగా అయిదు నెలల్లోపు కొత్త కాలేజీ నుంచి ఐ-20 అనే అర్హత పత్రం సంపాదించాలి. ఇంట్లో అప్పు చేసి పంపిన అమ్మానాన్నలకు ఆ మాట చెప్పలేక, ఏ కాలేజీ దొరికితే దాంట్లో చేరి మళ్లీ మోసపోయే పిల్లలను ఎవరు ఆదుకోవాలి? మహాసభల్లో ర్యాంకర్లకు శాలువాలు కప్పే మన సంఘాలు, తొలగింపు మెయిల్ అందుకున్న పిల్లవాడు పరువు భయం లేకుండా పిలవగలిగే మనిషిని ప్రతి నగరంలో నిలబెట్టాలి. తల్లిదండ్రులు ముందు ఆ ఫోన్ ఎత్తి, తిట్టకుండా వినాలి.

గ్రేడ్లు దాచమని ఎవరూ అడగడం లేదు. అవి ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఉండనివ్వండి. తొలగింపు తర్వాత మరో చోట 24 యూనిట్లు బాగా చదివినవారికి ఆ కొత్త సగటుతోనే ప్రవేశం నిర్ణయించండి. బాకీకీ ట్రాన్‌స్క్రిప్ట్‌కూ లంకె తెంచండి, అప్పు వసూలుకు వేరే మార్గాలున్నాయి. చేర్చుకున్నది విశ్వవిద్యాలయమే, ఫీజు తీసుకున్నదీ అదే, ప్రొబేషన్‌లో ఉన్న సెమిస్టరంతా ఒక్క సలహాదారునైనా ఆ విద్యార్థి దగ్గరికి పంపలేకపోయిందీ చాలా చోట్ల అదే. తొలగింపు మెయిల్ మీద సంతకం చేసే డీన్, ఆ సెమిస్టరులో తన సంస్థ ఏం చేసిందో కూడా అదే మెయిల్‌లో రాసి పంపాలి.