చెల్లెలు చంపితే అక్క తుడిచింది

ఈ నెల మేము పరిచయము చేస్తున్న నవల హత్యలను గురించినది. కంగారు పడవద్దు. నెత్తురు కంటె నవ్వే ఇందులో ఎక్కువ. అసలు చిక్కంతా ఆ నవ్వుతోనే.

పేరు ‘మై సిస్టర్, ది సీరియల్ కిల్లర్’. మా చెల్లెలు వరుసగా మనుషులను చంపుతున్నది అని అర్థము. వ్రాసినది ఓయింకాన్ బ్రైత్‌వైట్ అను నైజీరియా దేశపు యువతి. 2018లో వెలువడిన ఈ మొదటి నవల 2019లో బుకర్ బహుమతికి పరిశీలించిన పుస్తకముల పెద్ద జాబితాలో చోటు చేసుకున్నది. కథంతా ఆ దేశపు సముద్రతీర మహానగరమైన లాగోస్‌లో జరుగుతుంది.

అక్క కొరెడె ఆసుపత్రిలో నర్సు. మన కుటుంబములలోను నర్సులు ఎందరో వున్నారు గనుక ఈమె మనకు కొత్త మనిషి కాదు. పని తెలిసినది, నలుగురిలో అందగత్తె అనిపించుకోనిది, శుభ్రత అంటే పిచ్చి. చెల్లెలు అయూలా చూడచక్కనిది. ఒక రాత్రి కొరెడె భోజనానికి పళ్ళెము సర్దుకొని కూర్చోబోతూ వుండగా చెల్లెలు ఫోను చేసి, అతనిని చంపేశానని చెబుతుంది. అక్కకు మొదట తోచేది, ఈ మాట మళ్ళీ వినవలసి వచ్చిందే అని! ఇతడు మూడవవాడు. ముగ్గురితో ‘సీరియల్ కిల్లర్’ అను పేరు స్థిరపడుతుందని లెక్క చూసుకునేది కూడ అక్కే. తిండి వదలి, బ్లీచింగు పట్టుకొని వెళ్ళి, బాత్‌రూము కడిగి, శవమును కారులో వేసుకొని, పదకొండు కిలోమీటర్లకు పైగా పొడవున్న పెద్ద వంతెన మీద నుండి నీళ్ళలో పడవేయిస్తుంది.

అవతల అతని వాళ్ళు వెదకుచుండగా, చెల్లెలికి ఫోనులో సరదా బొమ్మలు పెట్టుకోవాలని వుంటుంది. కొన్నాళ్ళు దుఃఖములో వున్నట్లు కనబడమని అక్క నేర్పవలసి వస్తుంది. ఇక్కడ నవ్వు ఆగదు. అయితే చనిపోయినవాడు కవిత్వము వ్రాసుకొనే కుర్రవాడని తెలిసినప్పుడు, ఆ నవ్వు గొంతులోనే నిలిచిపోతుంది.

ప్రతిసారి చెల్లెలు చెప్పేది ఒక్కటే: వాడే నా మీదికి వచ్చాడు, నన్ను నేను కాపాడుకున్నాను అని. అక్క పూర్తిగా నమ్మలేదు, అడగనూ లేదు. ఎందుకు? తండ్రి ఆ ఇంట బెత్తముతో రాజ్యమేలినవాడు. చెల్లెలి చేతిలోని కత్తి అతనిదే. అతడు పోయి పదేళ్ళయినా ఇల్లు ఇంకా ఆ దెబ్బల మీదనే నడుస్తున్నది. తల్లి మాత్రం ‘పెద్దదానవు, చెల్లెల్ని నీవే చూసుకోవాలి’ అనే ధోరణిలోనే వుండిపోయింది. ఈ మాట మన ఇండ్లలో ఎంత తేలికగా అంటామో గదా! తమ్ముడి తాగుడు, అన్న అప్పు, బావ చేయి చేసుకోవడము – గుట్టుగా తుడిచి పెట్టే బాధ్యత ఎప్పుడూ ఒక్కరి నెత్తిమీదనే పడుతుంది. కయీనుకు ఇటువంటి అక్క ఒకతె వుండివుంటే పొలములో నెత్తురు మరక కూడ మిగిలేది కాదేమో.

మా మట్టుకు ఈ నవలలో భయపెట్టినది చెల్లెలు కాదు. ఆమె ఇట్టే అర్థమవుతుంది. అక్క మంచితనమే భయపెట్టినది. ఒక్కొక్క మరక తుడిచినకొద్దీ ఇంకొకని చావుకు ఆమె దారి శుభ్రము చేసి పెడుతున్నది. కొరెడె మనసులో దాచుకున్న డాక్టరు టాడే చెల్లెలిని చూసి మనసు పారవేసుకున్నప్పుడు గాని ఆమెకు నొప్పి తెలియలేదు. ముందు పోయినవారికీ ఇటువంటి ప్రాణమే కదా అని అక్కడ మనకు తడుతుంది. ఆమెకు తట్టిందా అన్నది రచయిత్రి తేల్చలేదు. తేల్చకపోవడమే బాగున్నది.

భాష తేలికైన ఇంగ్లీషు, అధ్యాయములు పొట్టివి. పెద్దలకే గాని పిల్లలకు ఇవ్వదగినది కాదు.

కొరెడెకు తన గోడు చెప్పుకోవడానికి ఒక్కడే దొరికాడు: ఆసుపత్రిలో నెలల తరబడి స్పృహ లేకుండా పడివున్న ముక్తార్ అను రోగి. తలుపు వేసుకొని, అతని మంచము పక్కన కూర్చొని, ఎవరెవరు ఎట్లా పోయారో చెబుతుండేది. వినేవాడు కాదు గనుకనే చెప్పగలిగింది. ఒకనాడు ఆ ముక్తార్ కళ్ళు తెరిచాడు. అతనికి ఆ మాటలు గుర్తున్నవి.