రిజిస్టర్ల లేని గోల్

మా భాంజా అమెరికాల ఉంటడు, ఒహాయో రాష్ట్రంల, కొలంబస్ షహర్ల. నవంబర్ ఆఖరొచ్చిందంటే చాలు, ఫోన్ల సలామ్ దువా అయిపోంగనే ఫుట్‌బాల్ ముచ్చట మొదలువెడ్తడు. 2024 నవంబర్ల గూడ గంతే.

"మామూ, మావోళ్లు పది గెల్చిన్రు, ఒక్కటే ఓడిన్రు. శనివారం మిషిగన్‌తోని మ్యాచ్. దువా చెయ్యున్రి."

నవ్వొచ్చింది నాకు. పుట్టింది కోదాడల, చదివింది సూర్యాపేటల. ఐదేండ్లు గాలే పోయి, అప్పుడే ఒహాయో స్టేట్ యూనివర్సిటీ టీము 'మావోళ్లు' అయిన్రు. అది మన ఫుట్‌బాల్ గూడ కాదు. బంతి కోడిగుడ్డు లెక్క ఉంటది, చేతుల పట్టుకోని ఉర్కుతరు, ఇనుప టోపీలు పెట్టుకోని ఒకరి మీద ఒకరు పడ్తరు. ఆ ఆట కానూన్లు నాకు ఇప్పటికీ సమజ్ గావు. గని వాడు ఆ గెలుపోటముల హిసాబ్ చెప్పే తీరు మాత్రం దిల్‌కు తాకింది. పది, ఒకటి. మా అబ్బా కిరాణా ఉద్దెర పుస్తకం సదివినట్టే సదివిండు.

ఆ శనివారం, నవంబర్ 30న, సొంత మైదాన్ల, లక్ష మందికి పైగా కూసునే స్టేడియంల, ఒహాయో స్టేట్ 10–13తోని మిషిగన్ చేతుల ఓడిపోయింది. ఆ రెండు యూనివర్సిటీల దుష్మనీ ఇయ్యాలది గాదు, 1897 నుంచి నడుస్తున్నది. భాంజాకు నేనే ఫోన్ జేసిన. "పోనీ బేటా, ఖతం అయిపోయింది గదా, వచ్చే ఏడు సూద్దాం" అన్న. మన లెక్కల ఓడితే ఖతమే గదా.

"ఖతం కాలే మామూ. ఓడినం గని రికార్డుంది. పది గెలుపులు, రెండు ఓటములు. ప్లేఆఫ్‌ల జాగ దొరుకుతది" అన్నడు.

దొరికింది. అంతకుముందు నాలుగు టీములకే ఉండే ప్లేఆఫ్‌ను ఆ ఏడే పన్నెండు చేసిన్రు. ఎనిమిదో నంబర్ల లోపలికి వచ్చిన ఒహాయో స్టేట్ టెనెసీని కొట్టింది. అక్టోబర్ల ఒక్క పాయింట్ తేడాతోని తమను ఓడించిన ఓరెగాన్‌ను 41–21తోని కొట్టింది. టెక్సస్‌ను దాటింది. 2025 జనవరి 20న అట్లాంటాల నోటర్ డామ్ మీద 34–23తోని గెల్చి చాంపియన్ అయింది. భాంజా ఖుషీ అడగొద్దు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలే. నేను సోచాయించింది ఒహాయో గురించి గాదు. 1996 డిసెంబర్ల మిర్యాలగూడల ఒక మధ్యాహ్నం గురించి.

అప్పుడు మా నల్లగొండ జిల్లా కాలేజీలన్నీ ఉస్మానియా కిందనే ఉండె. నల్లగొండల మహాత్మా గాంధీ యూనివర్సిటీ వచ్చింది 2007ల. మా సూర్యాపేట టీముల పదకొండు మందికి బూట్లు ఆరు జతలు. సైజు సరిపోయినోడు తొడుక్కుంటడు, మిగిలినోళ్లు ఒట్టి కాళ్లే. మా లెఫ్ట్ వింగ్‌ల నా దోస్త్ ఒకడు ఆడేటోడు. పేరు రాయను, రాస్తే తిడ్తడు. వాళ్ల అబ్బా బస్టాండ్ కాడ సైకిల్ పంక్చర్లు చేసేటోడు. వాడి ఎడమకాలుకు బంతి దొరికిందంటే అవతలోళ్లకు దేవుడు యాదికొచ్చేటోడు.

మిర్యాలగూడ పోయినం, ఆర్టీసీ బస్సుల. రైస్ మిల్లుల ఊక వాసన, దుమ్ము, గడ్డి పోస లేని మైదాన్, బొంగులు పాతిన గోల్ పోస్టులు. ఒక్క మ్యాచ్. 2–1తోని ఓడినం. మా ఒక్క గోల్ వాడే కొట్టిండు, మూలకెల్లి, వాళ్ల గోల్‌కీపర్ నోరు తెర్సి సూసుడు తప్ప ఏం చెయ్యలే. రెఫరీ సీటీ ఊదిండు, మా సీజన్ అయిపోయింది. జనమంత ఎదురుసూసిన సీజన్, తొంభై నిమిషాలు.

తర్వాత యూనివర్సిటీ టీముకు సెలెక్షన్. వాడితోని నేను గూడ హైదరాబాద్ పోయిన. మేజా అవతల కూసున్న సార్ ఒక్కటే సవాల్ అడిగిండు: "ఈ ఏడు ఎన్ని మ్యాచ్‌లు ఆడినవ్, ఎన్ని గోల్స్ కొట్టినవ్, ఏదన్న రాసిన కాయితం ఉందా?" వాడు నా దిక్కు సూసిండు. నేను వాడి దిక్కు సూసిన. మా కాడ ఏమున్నది? పావుగంట ఆడిపిచ్చిన్రు. సాయంత్రం లిస్టుల వాడి పేరు లేదు. తిరుగు ప్రయాణంల చౌటుప్పల్ కాడ బస్ ఆగితే చాయ్ తాగినం. వాడు ఏడ్వలే. "కాయితం ఉంటే బాగుండు యార్" అన్నడు. అంతే.

ఇప్పుడు వాడు కోదాడ దగ్గర హైవే మీద లారీ మెకానిక్.

ఆ దినం వాడికి నాఇన్సాఫీ జరిగిందని నేను చెప్తలేను. లిస్టుల ఉన్నోళ్లు వాడికంటే మంచిగ ఆడేటోళ్లే కావొచ్చు. నా దర్ద్ అది గాదు. నాఇన్సాఫీ జరిగిందా లేదా అన్నది గూడ చెప్పలేకపోవుడే నా దర్ద్. రికార్డు లేని కాడ గెలుపుకు సబూత్ ఉండదు, అన్యాయానికి గూడ సబూత్ ఉండదు.

అమెరికాల అన్యాయం జరగదని గాదు. 2023ల ఫ్లోరిడా స్టేట్ అనే యూనివర్సిటీ టీము పదమూడుకు పదమూడు గెల్చింది. ఒక్కటి ఓడలే. గని వాళ్ల ముఖ్యమైన ఆటగాడి కాలు నవంబర్ల విరిగింది. అయినా మిగిలినోళ్లు ఆడి గెల్చిన్రు. డిసెంబర్ 3న పదమూడు మంది కమిటీ మేజా చుట్టు కూసోని, ఆ ఆటగాడు లేని టీముకు దమ్ము లేదని, వాళ్లను పక్కకు పెట్టి, ఒక్కో మ్యాచ్ ఓడిన టెక్సస్‌ను, అలబామాను లోపలికి తీసుకున్నది. మైదాన్ల గెల్చినోళ్లు మేజా మీద ఓడిపోయిన్రు. ఎంత గొడవ అయిందంటే, ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆ కమిటీని కాయితాలు చూపియ్యమన్నది.

గని ఆ గొడవ ఎట్ల సాధ్యమైంది? 13–0 అని కాయితం మీద ఉండబట్టి. 'మేం ఓడలే' అని చిన్న పిలగాడు గూడ వేలు చూపి చెప్పేటట్టు ఉండబట్టి. మా దోస్త్ కోసం ఎవరు గొడవ చెయ్యాలె? ఏ నంబర్ చూపి చెయ్యాలె?

ఇదంత పైసలున్న ముల్క్ సంగతి, మనకు నడ్వదు అంటరు కొందరు. కాదు భాయ్. మనకు నడ్సింది. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీము 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేండ్లు బొంబాయిల రోవర్స్ కప్ గెల్చింది. ఆ టీమును తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ ఉస్మానియాల చదివి, ఉస్మానియా టీముకు ఆడినాయన, పేషాకు స్కూల్ టీచర్. ఆయన కోచ్‌గ ఉన్నప్పుడే భారత్ 1951ల ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌ల సోనా తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో జాగల నిలబడ్డది, 1962 సెప్టెంబర్ల జకార్తాల దక్షిణ కొరియాను 2–1తోని కొట్టి మళ్ల సోనా తెచ్చింది. ఆ జకార్తా టీముల మన సికింద్రాబాద్ అమ్ముగూడ పిలగాడు తులసీదాస్ బలరామ్ ఉన్నడు, మన యూసుఫ్ ఖాన్ ఉన్నడు. క్యాన్సర్‌తోని 1963 జూన్‌ల రహీమ్ సాబ్ ఇంతెఖాల్ అయిన్రు.

ఆయన కాడ పైసలుండెనా? లేవు. ఆయన కాడ ఉన్నది తరీఖా. బలం లేని కాలుతోనే ఆడాలె అని ఒక టోర్నమెంట్, బంతిని కాళ్ల మధ్యల పెట్టుకోని తిప్పకుండ వెంటనే దోస్త్‌కు అందియ్యాలె అని ఇంకో టోర్నమెంట్ పెట్టేటోడు. అంటే పిలగాండ్లకు ఆడనీకె మ్యాచ్‌లు పుట్టించేటోడు. మళ్ల మళ్ల ఆడితేనే గదా ఎవడి దమ్ము ఎంతనో తెలిసేది. గెల్చినోడు ఓడాలె, ఓడినోడు లేవాలె. గట్ల పది మ్యాచ్‌లు దాటినంక మిగిలేదాన్నే సీజన్ అంటరు. ఒక్క దినం నాకౌట్ పెట్టి ఓడినోన్ని ఇంటికి తోలేది సీజన్ గాదు, లాటరీ.

మన దగ్గర షౌక్ లేదు అంటే నేను ఒప్పుకోను. 2021 మార్చ్ 22 యాదికి తెచ్చుకోన్రి. సూర్యాపేటల 47వ జూనియర్ జాతీయ కబడ్డీ పోటీలు. సూడనీకె జనం ఎగబడ్డరు. షురూ అయితున్న టైముకే గ్యాలరీ కూలింది. వందకు పైగా మంది గాయపడ్డరు. ఆ రాత్రి దవాఖానాల ముంగట ఉర్కిన మొహాలు ఈ ఊరు మర్సిపోదు. ఆ జనం ఎందుకొచ్చిన్రు? ఆట సూడనీకె. పిలగాండ్ల ఆట సూడనీకె టికెట్ లేని జాగల గూడ నిలబడే జనం మనోళ్లు. వాళ్ల షౌక్‌కు సరిపోయేటంత గట్టి తఖ్త మనం కట్టలేకపోయినం. కట్టెలతోని కట్టేది ఒక్కటే గాదు, మ్యాచ్‌ల వరుసతోని, నమ్మే లెక్కతోని కట్టేది గూడ.

దుష్మనీకి గూడ కమీ లేదు మనకు. మిర్యాలగూడోళ్లు సూర్యాపేటోళ్లను 'హైవే గాళ్లు' అంటరు, కోదాడోళ్లను 'మీరు ఆంధ్రానా తెలంగాణనా' అని గెలుకుతరు. సూర్యాపేటోళ్లు మిర్యాలగూడోళ్లను 'ఊక గాళ్లు' అంటరు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు చీలినంక ఇంకింత పెరిగింది. సూర్యాపేట, కోదాడ ఒక జిల్లా అయినయ్, మిర్యాలగూడ నల్లగొండలనే ఉండిపోయింది. ఈ మజాక్, ఈ మంట చాయ్ హోటళ్లల్ల ఖర్చైపోతున్నది. దీన్ని మైదాన్లకు తెస్తే అది తాఖత్ అయితది.

అందుకే నా మాట సీదాగ చెప్తున్న. ఈ మూడు ఊర్ల డిగ్రీ కాలేజీలు కలిసి ఒక చిన్న లీగ్ పెట్టుకోవాలె. ఒక ఊరికెల్లి ఇంకో ఊరికి గంట, గంటంబావు బస్ ప్రయాణం. ప్రతి టీము అవతలి రెండు ఊర్లతోని రెండేసి మ్యాచ్‌లు, ఒకటి సొంత మైదాన్ల, ఒకటి వాళ్ల మైదాన్ల. మొత్తం ఆరు మ్యాచ్‌లు, ఆరు వారాలు. ఫుట్‌బాల్‌కు గూడ, కబడ్డీకి గూడ. ఆడపిల్లలకు గూడ, అదే మైదాన్ల, అదే లెక్కతోని. ఆఖర్ల మొదటి రెండు టీముల నడుమ ఫైనల్. యూనివర్సిటీ సెలెక్షన్‌కు పోయే ప్రతి పిలగాడి చేతుల, పిల్ల చేతుల ఒక కాయితం: ఇన్ని మ్యాచ్‌లు, ఇన్ని గోల్స్, ఇన్ని పాయింట్లు. ఆ మీద సౌత్ జోన్, ఆ మీద ఆలిండియా. అది మన ప్లేఆఫ్.

ఖర్చెంత? బస్ కిరాయి, ఒక బంతి, సీటీ, సున్నం, ఒక రిజిస్టర్. ఊర్ల ఒక పెండ్లి బర్బాదీ ఖర్చుల ఒక మూల గూడ గాదు.

'చదువులు ఆగమైతయ్' అని అమ్మానాయినలు అంటరు. వాళ్ల డర్ నాకు తెలుసు, నేను గూడ బాప్‌నే. గని ఆరు వారాల్ల ఆరు సాయంత్రాలకు ఆగమయ్యే చదువు చదువేనా? మూడంతస్తుల బిల్డింగుల, మైదాన్ లేని కాలేజీలల్ల పొద్దుగాల ఆరింటికెల్లి రాత్రి దాకా కూసోబెడితే పిలగాండ్లు బాగుపడ్తున్నరా? మన మొహల్లాల పిలగాండ్ల సంగతి మరీ ఘోరం. ఇంటర్ అయితే ఏసీ రిపేర్, లేకుంటే వెల్డింగ్, లేకుంటే గల్ఫ్. మెహనత్ చేస్కోని బతుకుడు ఇజ్జత్ పనే, నేను కాదంటలేను. గని వాళ్లల్ల ఒకడి ఎడమకాలుల ఏమున్నదో ఎవరన్న ఒక్కసారి రాసి పెట్టాలె గదా.

ఇది రాసేముందు నా దోస్త్‌కు ఫోన్ జేసిన. లారీ కిందికెల్లి లేసి వచ్చి మాట్లాడిండు. "అరే, ఆ ఏడు నువ్వు మొత్తం ఎన్ని గోల్స్ కొట్టినవ్ రా?" అని అడిగిన.

"తొమ్మిది" అన్నడు.

"కాదురా, ఏడు" అన్న.

మస్తుసేపు కొట్లాడినం. మునగాల మ్యాచ్ లెక్కకొస్తదా రాదా అన్న కాడ ఆగినం. ఇద్దరికి యాభై దాటినయ్, ఇద్దరి యాది సగం చెదలు పట్టింది. ఎవరి మాట నిజమో చెప్పెతందుకు ఈ దునియాల ఒక్క కాయితం గూడ లేదు.

"తొమ్మిదే రాసుకో" అన్నడు ఆఖరికి. "ఎట్లాగు ఎవడూ అడగడు."

అడగాలె. ఈ ఏడు మైదాన్లకు దిగే పిలగాండ్లనన్న ఎవరో ఒకరు అడగాలె, అడిగి రాయాలె.