కోడి గూటికి పోనంటోందా?

పొద్దుగూకింది. రోజూ ఈపాటికి పిలవకుండానే గూట్లో దూరిపోయే కోళ్లు ఇవాళ బయటే తచ్చాడుతున్నాయి. ఒకటి మందార చెట్టెక్కింది. ఇంకొకటి సపోటా కొమ్మ మీద సర్దుకుంది. పట్టుకొచ్చి లోపలికి తోసి తలుపేస్తే, రాత్రంతా కొట్టుకుంటూనే ఉన్నాయి. పిల్లి వచ్చిందేమో, పాము దూరిందేమో అని టార్చిలైటు వేసి చూస్తాం. ఏమీ కనబడదు. ‘దీనికేదో తిక్క పుట్టింది’ అనుకుని పడుకుంటాం.

తిక్క కాదు. శత్రువు లోపలే ఉంది. ఆవగింజలో సగం కూడా ఉండదు కాబట్టి మన కంట పడలేదంతే!

కోనసీమలో కొబ్బరితోట ఉన్న ఇంటి దొడ్లో నాలుగు కోళ్లు తిరగడం మామూలే. రాజోలైనా, కొత్తపేటైనా, అమలాపురం పక్క పల్లెలైనా అంతే. ఆ నాలుగు కోళ్లే పిల్లలకు గుడ్డు, చుట్టం వస్తే కూర, ఇంటావిడకు చేతిఖర్చు. సంక్రాంతి పుంజుకైతే బాదంపప్పులు పెట్టి, రోజుకు పదిసార్లు ఒళ్లు నిమిరి చూస్తారు. పందేలకు చట్టం ఒప్పుకోదు గానీ, పుంజుకు జరిగే సేవకు మాత్రం లోటుండదు. గుడ్లు పెట్టే పెట్టను పట్టించుకునేదెవరు? అది పాలిపోయి, గుడ్లు మానేసి, ఓ మూల ముడుచుకునేదాకా మనకు సంగతి తెలియదు.

పేరొకటే... పురుగులు వేరు

ఊళ్లో అందరూ ‘కోడిపేలు’ అనేసే వాటిలో నిజానికి చాలా రకాలున్నాయి. అసలు పేలు ఆరుకాళ్ల పురుగులు. పసుపు రంగులో ఉండి, ఈకల మధ్య పరుగెడతాయి. డాక్టర్లు ‘మైట్లు’ అనేవి వేరు. అవి సాలీడుకు చుట్టాలు, ఎనిమిది కాళ్లుంటాయి. రక్తం తాగేవి వీటిలోనే ఉన్నాయి.

కోనసీమ రైతుకు మైటు కొత్తేం కాదు. 1990ల చివర్లో కేరళలో బయటపడి, ఆ తర్వాత మన తోటలకూ పాకిన కొబ్బరి నల్లి గుర్తుంది కదా! కాయ తొడిమ దగ్గర మొదలై డొక్క మీద గోధుమరంగు మచ్చలు, పగుళ్లు తెచ్చిన ఆ నల్లి కూడా మైటే. కాకపోతే దానికి ఉన్నవి నాలుగు కాళ్లే, అది చెట్టును తప్ప కోడిని ముట్టదు. కోడి మీది మైటు కొబ్బరిచెట్టు జోలికి పోదు. ఈ తేడా గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

పగలు గూడు... రాత్రి కోడి

వీటిలో గడుసుది ఎర్రమైటు. ఇది కోడి ఒంటి మీద ఉండనే ఉండదు. పగలంతా గూటి చెక్కల సందుల్లో, వెదురు కణుపుల దగ్గర, తాటాకు మడతల్లో దాక్కుంటుంది. రాత్రి కోడి కునుకు తీయగానే బయటికొచ్చి రక్తం తాగి, తెల్లారేసరికి మళ్లీ సందులోకి వెళ్లిపోతుంది. ఆకలి మీదున్నప్పుడు బూడిద రంగు, కడుపు నిండితే ఎరుపు. పగలు కోడిని పట్టుకుని ఎంత వెతికినా దొరకనిది ఇందుకే. తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతుంది కాబట్టి గూడు కొన్నాళ్లు ఖాళీగా ఉంచినా చావదు.

రెండో రకం ఇందుకు పూర్తిగా వేరు. రాత్రీ పగలూ కోడి ఒంటి మీదే కాపురం. తోక కింద, రెట్ట వేసే చోటు చుట్టూ ఈకలు మసి పూసినట్టు నల్లగా, జిడ్డుగా కనబడితే అది ఈ మైటు పనే.

ఈ రెండో రకానికి దగ్గరి చుట్టం ఒకటి పాముల పొలుసుల సందుల్లోనూ చేరుతుంది. విదేశాల్లో కొండచిలువల్ని పెంచుకునేవాళ్లు నీళ్లగిన్నెలో తేలే నల్లటి చుక్కలను చూసి దాన్ని పసిగడతారు. పాముకు వైద్యం చేయించి పెట్టెను వదిలేస్తే వాళ్ల కష్టమంతా వృథా. కోడి విషయంలోనూ అంతే. ప్రాణితోపాటు అది ఉండే చోటునూ బాగుచేయాల్సిందే!

టార్చిలైటు పరీక్ష

పడుకునే ముందు గూట్లో కోళ్లు కూర్చునే కర్ర కింద ఓ తెల్ల గుడ్డ పరవండి. రెండు గంటలాగి టార్చిలైటుతో చూడండి. గుడ్డ మీద కదిలే చుక్కలుంటే, వేలితో నలిపినప్పుడు ఎర్రటి మరక పడితే అనుమానం తీరినట్టే. కర్ర అడుగువైపు, చెక్కల అతుకుల్లో కూడా చూడాలి. పగటిపూట కోడిని ఒళ్లో పెట్టుకుని తోక కింద, రెక్కల కింద ఈకలు విడదీసి చూడటం రెండో పరీక్ష. ఈక మొదట్లో తెల్లటి గుడ్లు గుత్తులుగా అంటుకుని ఉంటే అవి పేలవి.

ఇంకొన్ని గుర్తులూ ఉన్నాయి. జుట్టు ఎరుపు తగ్గి పాలిపోవడం, ఊరికే ఒళ్లు పొడుచుకోవడం, గుడ్లు తగ్గిపోవడం, గుడ్డు పెంకు మీద చిన్న చిన్న రక్తపు మరకలు. పొదిగే పెట్ట మీద ఒక కన్నేసి ఉంచండి. 21 రోజులు ఒకేచోట కదలకుండా కూర్చునే పెట్ట కంటే ఈ పురుగుకు మంచి విందేముంటుంది? బాధ తట్టుకోలేక అది లేచిపోతే గుడ్లన్నీ మురిగిపోతాయి. రక్తం తక్కువగా ఉండే పిల్లలైతే ప్రాణాలే వదిలేస్తాయి.

గుడ్లు ఏరాక మీ చేతులు దురద పెడుతున్నాయా? అదీ గుర్తే. మనల్నీ కుడతాయి. కంగారు పడక్కర్లేదు, మనిషి ఒంటి మీద అవి కాపురం పెట్టలేవు.

పొలం మందు వద్దు

అసలు ప్రమాదం ఇక్కడుంది. వరికీ కొబ్బరికీ కొట్టగా మిగిలిన మందు సీసా ఏ చూరులోనో ఉంటుంది. ‘నల్లికి కొట్టిన మందేగా, దీనికీ పనిచేస్తుంది’ అని రెండు మూతలు నీళ్లలో కలిపి కోళ్లను ముంచితే మైట్లతోపాటు కోళ్లూ పోవచ్చు. బతికినా మందు ఎక్కడికీ పోదు. గుడ్డులోకి వస్తుంది. ఆ గుడ్డు మన పిల్లల కంచంలోకి వస్తుంది.

ఇది ఊరికే భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. 2017లో నెదర్లాండ్స్, బెల్జియం దేశాల్లో ఎర్రమైటును పోగొట్టడానికి కోళ్లఫారాల్లో వాడిన మందులో ఫిప్రోనిల్ కలిసి ఉందని తేలింది. మన దగ్గర వరిలో కాండం తొలిచే పురుగుకు వాడేది అదే. తిండి కోసం పెంచే ప్రాణుల మీద దాన్ని వాడటం అక్కడ నిషేధం. గుడ్లలో ఆ మందు బయటపడేసరికి లక్షల కొద్దీ గుడ్లను దుకాణాల నుంచి వెనక్కి తెప్పించి పారబోశారు. ఎన్నో ఫారాలను కొన్నాళ్లు మూసేశారు. అంతటి యంత్రాంగం ఉన్నచోటే అలా జరిగితే, మన దొడ్లో గుడ్డును పరీక్ష చేసేదెవరు?

వారానికోసారి లెక్క

మరేం చేయాలి? ముందు గూడు ఖాళీ చేయండి. పాత ఊక, గడ్డి, తాటాకులు దూరంగా తీసుకెళ్లి కాల్చేయండి. చెక్కల మీద, సందుల్లో సలసల కాగే నీళ్లు పోయండి. బాగా ఎండనివ్వండి. ఇటుకల గూడైతే పగుళ్లు పూడ్చి సున్నం వేయండి. పొదిగే బుట్టలో ఎప్పటికప్పుడు కొత్త గడ్డే వాడండి.

కోళ్లకు వేసే మందు మాత్రం పశువైద్యుడు చెప్పిందే వాడాలి. కోడి బరువును బట్టి మోతాదు ఉంటుంది. మందు వేశాక గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో మరవకుండా అడగండి. ఒంటికి పట్టించే మందుల్లో కొన్ని చేపలకు, రొయ్యలకు, పిల్లులకు విషం. కాబట్టి ఆ నీళ్లు చెరువులోకో బోదెలోకో వదలకండి.

ఒక్కసారి చేసి ఊరుకుంటే లాభం లేదు. చాలా మందులకు మైటు చస్తుంది గానీ గుడ్డు చావదు. మన వేడికీ తేమకీ వారం రోజుల్లో గుడ్డు కాస్తా ఎదిగిన మైటు అయిపోతుంది. అందుకే వారం పది రోజులకు గూడు, కోళ్లు రెండింటికీ మళ్లీ అంతా చేయాలి. మూడోవారం టార్చిలైటు పరీక్ష పెట్టండి.

అన్నట్టు, కోడి తన వైద్యం తనే చేసుకుంటుంది తెలుసా? పొడిమట్టిలో పొర్లడం దానికి స్నానం. వానాకాలంలో దొడ్డంతా బురదైతే ఆ స్నానం ఉండదు. చూరు కింద తడవని చోట ఓ పాత తొట్టెలో పొడిమట్టి, ఇసుక, జల్లించి చల్లార్చిన కట్టెల బూడిద కలిపి పెట్టండి. మిగతా పని అదే చూసుకుంటుంది.

కాళ్లకు కొబ్బరినూనె

కాళ్ల మీద పొలుసులు లేచి, తెల్లగా సున్నం పట్టినట్టుంటే అది పొలుసుల కింద సొరంగాలు తవ్వే ఇంకో మైటు. దీనికి మందు మన ఇంట్లోనే ఉంది. గోరువెచ్చటి సబ్బునీళ్లలో కాళ్లు నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో సుతారంగా రుద్ది, ఆరాక కొబ్బరినూనె దట్టంగా పట్టించండి. ఊపిరాడక మైట్లు చస్తాయి. రెండు మూడు రోజులకోసారి, కొన్ని వారాలపాటు చేయాలి. పొలుసులు పీకకండి. కిరసనాయిలు పూయకండి, చర్మం కాలుతుంది. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

సంత నుంచి కొత్త కోడిని తెచ్చారా? రెండు వారాలు విడిగా ఉంచాకే మిగతావాటితో కలపండి.

ఒక్క హెచ్చరిక. కోళ్లు ఉన్నట్టుండి వరసగా చచ్చిపోతుంటే అది మైటు పని కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి తెలిసిందే. అలాంటప్పుడు చచ్చినవాటిని ముట్టుకోకుండా వెంటనే పశువైద్యశాలకు చెప్పండి. పశువైద్య సేవల కోసం 1962 నంబరు కూడా ఉంది.

ఈ సాయంత్రం ఓసారి గూటివైపు వెళ్లి చూడండి. పిలవకుండానే కోళ్లు లోపలికి పోతుంటే సరే. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగితే మాత్రం తోయకండి. దాని మాట నమ్మి, ముందు గూడు కడగండి!