సర్వర్ సీపీయూ 10 శాతమే చూపిస్తోందా? అప్పుడే అనుమానించండి

బెంచ్‌మార్క్ స్కోరు ఎంత పెద్దదైనా, గేమ్ ఓ ఇరవై నిమిషాలు ఆడేసరికి ఫోన్ కాలిపోతూ ఫ్రేమ్స్ పడిపోతే ఆ స్కోరుని మనం పట్టించుకోం కదా. మరి క్లౌడ్‌లో సర్వర్ తీసుకున్నాక మాత్రం, డాష్‌బోర్డులో సీపీయూ గీత కిందే ఉందంటే హాయిగా పడుకుంటాం. నాకు ఈ అలవాటు అస్సలు నచ్చదు. గ్రాఫ్ చూడటంతో సరిపెట్టుకోకుండా, క్వెరీ రాసి సూటిగా అడగాలి అంటాను.

మా కోనసీమలో వరదల సీజన్ వస్తే లంక గ్రామాల్లో అందరి నోటా ఒకటే ప్రశ్న: ధవళేశ్వరం దగ్గర ఎంత ఉంది? 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఆ నెల సగటు నీటిమట్టం ఎవరికి కావాలి? ఈ గంటలో ఎంత, ఇంకా పెరుగుతోందా, అదే కావాలి.

సీపీయూ కూడా అంతే. అంబాజీపేట కొబ్బరి ధరలు చూపించే యాప్ ఒకటి మీరే చేశారనుకుందాం. కొత్త ధర రాగానే అందరూ ఒకేసారి తెరుస్తారు. ఒక నిమిషం సీపీయూ 100 శాతం, తర్వాతి నాలుగు నిమిషాలు 5 శాతం. ఐదు నిమిషాల సగటు ఎంతొచ్చింది? 24. అమెజాన్ ఈసీ2లో బేసిక్ మానిటరింగ్ ఐదు నిమిషాలకోసారే లెక్క ఇస్తుంది. అంటే యాప్ తెరుచుకోక జనం తిట్టుకున్న ఆ నిమిషం, గ్రాఫ్‌లో చిన్న గుట్టలా కనిపిస్తుందంతే.

ఇంతకన్నా మోసం ఇంకోటుంది. స్టూడెంట్ ప్రాజెక్టులకి చాలామంది వాడే టీ2 మైక్రో సర్వర్‌కి గంటకి 6 సీపీయూ క్రెడిట్లు వస్తాయి. ఒక క్రెడిట్ అంటే ఒక నిమిషం పాటు ఫుల్ స్పీడు. అవి అయిపోతే సర్వర్‌ని 10 శాతం దగ్గర కట్టేస్తారు. ఇప్పుడు గ్రాఫ్ చూడండి: 10 శాతం దగ్గర ప్రశాంతంగా నిలబడి ఉంటుంది! లోపల మాత్రం సర్వర్‌కి ఊపిరాడదు. అందుకే అక్కడ చూడాల్సింది సీపీయూ శాతం ఒక్కటే కాదు, క్రెడిట్ బ్యాలెన్స్ కూడా. క్లౌడ్‌వాచ్‌లో మెట్రిక్స్ ఇన్‌సైట్స్ అని ఉంది, ఎస్‌క్యూఎల్ లాంటి భాషలోనే అడగొచ్చు: ఏ సర్వర్‌లో క్రెడిట్లు అన్నిటికన్నా తక్కువున్నాయో వరసగా చూపించు అని.

నాకు బాగా నచ్చింది మాత్రం అజూర్ ఎస్‌క్యూఎల్ పద్ధతి. అందులో డీఎం డీబీ రిసోర్స్ స్టాట్స్ అనే వ్యూ ప్రతి 15 సెకన్లకి ఒక వరుస రాస్తుంది. గంటకి 240 వరుసలు. సగటు అడక్కండి. వాటిలో 80 శాతం దాటినవి ఎన్నో లెక్కపెట్టమనండి. 12 వచ్చాయంటే ఆ గంటలో మూడు నిమిషాలు మీ డేటాబేస్ రొప్పుతోందన్నమాట. రోజంతటి సగటులో ఈ మూడు నిమిషాలు కనపడనే కనపడవు.

ఒక్క చిక్కు ఉంది. ఆ వ్యూలో సుమారు గంట డేటా మాత్రమే ఉంటుంది. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇక్కడినుంచి వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్నవాళ్లు ల్యాప్‌టాప్ పట్టుకుని సిగ్నల్ దొరికే ఊళ్లకి పోయారు. అలాంటప్పుడు సాయంత్రం నెట్ దొరికి, పొద్దున ఏమైందో చూద్దామంటే ఆ వ్యూలో ఏమీ మిగలదు. మాస్టర్ డేటాబేస్‌లో రిసోర్స్ స్టాట్స్ అనే ఇంకో వ్యూ దాదాపు 14 రోజులు దాచుతుంది, కానీ ఐదు నిమిషాల లెక్కన. మళ్లీ సగటే! అందుకని 15 సెకన్ల వరుసల్ని గంట తిరిగేలోపే మన సొంత టేబుల్‌లోకి కాపీ చేసుకోవడం మేలు. పైగా సిగ్నల్ ఒక గీతే ఉన్నా నాలుగు వరుసల జవాబు వచ్చేస్తుంది, డాష్‌బోర్డు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

సీపీయూ ఎక్కువుందని తేలగానే పెద్ద సర్వర్‌కి మారిపోయేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. నెల నెలా డబ్బు కదా! ఫోన్ బ్యాటరీ దిగిపోతుంటే ముందు ఏ యాప్ తింటోందో చూస్తాం, కొత్త ఫోన్ కొనం. ఇక్కడా డీఎం ఎగ్జెక్ క్వెరీ స్టాట్స్‌లో టోటల్ వర్కర్ టైమ్ ప్రకారం పెద్దది పైన వచ్చేలా పేర్చండి. చాలాసార్లు ఒకటో రెండో క్వెరీలే సీపీయూ అంతా మింగేస్తుంటాయి. మన కొబ్బరి యాప్‌లో అయితే తేదీ కాలమ్‌కి ఇండెక్స్ లేక, ఈరోజు ధర కోసం మూడేళ్ల వరుసలన్నీ తిరగేస్తూ ఉండొచ్చు.

అన్నట్టు, ఉత్సాహం కొద్దీ ఈ మానిటరింగ్ క్వెరీని సెకనుకోసారి నడపకండి. కొత్త వరుస వచ్చేది 15 సెకన్లకి. మధ్యలో పద్నాలుగుసార్లు పాత జవాబే వస్తుంది, దానికయ్యే సీపీయూ కూడా మీ ఖాతాలోనే.